అధినేత ఇంటి వెనక బావి

అధినేత నివాసం వెనక ఉన్న బావి దగ్గర చీకటి పడ్డాక కాపలా కాయడానికి ఎవరూ ఒప్పుకునేవారు కాదు. చేద దిగిన చప్పుడు వినిపించేది... మనిషి కనిపించేవాడు కాదు. తెల్లారి చూస్తే తడి అడుగులు తిన్నగా ప్రహరీ దాకా వెళ్ళి – అక్కడ ఆగిపోయేవి. అటువైపు తలుపే లేదు.

ఆ భవనం లేవకముందు అది కూలివాళ్ళ పేట. బావి వాళ్ళు తవ్వుకున్నదే. భవనానికి రాళ్ళు మోసిందీ, ఆ బావి నీళ్ళతో గోడలు తడిపిందీ వాళ్ళే. పని ముగిసే వేళకి చుట్టూ ప్రహరీ లేచింది. బావి లోపల పడింది, వాళ్ళు బయట పడ్డారు. బయట చుక్క నీరు లేదు. లోపల తోటలో ఫౌంటెను మాత్రం పగలంతా చిమ్ముతూనే ఉండేది.

బావిని తమకు వదిలెయ్యమని ఇంజనీరు కాళ్ళావేళ్ళా పడిన తాపీమేస్త్రి ఒకడున్నాడు. ప్రహరీ పూర్తయిన రోజునే పరంజా మీంచి జారి చచ్చిపోయాడు. బావి దగ్గర తిరిగేది ఆయనేనని అందరూ అనుకున్నారు.

ఇది మా చిన్నాన్న చెప్పింది. అప్పుడాయన అక్కడ కొత్తగా చేరిన కాపలాదారు.

"కొత్తల్లుడిలా ముస్తాబై వచ్చావు. బావి వైపు పోకు, మేస్త్రి మర్యాదలు చేస్తాడు," అన్నాడట హవల్దారు. తక్కినవాళ్ళు నవ్వారు. ఆ నవ్వు పడక, బావి కాపలా చిన్నాన్న అడిగి మరీ తీసుకున్నాడు.

భోజనాల వేళ దాటింది. గాలి లేదు. చేద నీటిని తాకింది... తాడు ఒరుసుకుంటూ పైకి వచ్చింది... ఎవరో మూలిగినట్టు. తెల్లటి ఆకారం ఒకటి గోడ వైపు నడిచింది – వంగింది – సగం గోడలోకి మాయమైంది.

చిన్నాన్న టార్చి వేశాడు.

ఆడమనిషి. చంకలో బిందె. గోడ అడుగున ఇటుకలు పక్కకి తీసి ఉన్నాయి.

"భయపడకన్నా... మనుషులమే," అంది గొంతు తగ్గించి. "ఇక్కడ మాత్రం మా ఆయన సిమెంటు పెట్టలేదు. ఉత్త ఇటుకలు పేర్చి పోయాడు."

కంత అవతల ఇంకా ఆడవాళ్ళు... ఖాళీ బిందెలతో, ఊపిరి బిగబట్టి.

"ఎవరడిగినా దెయ్యమనే చెప్పు. ఇది మూసేస్తే మా పిల్లలకి మురిక్కాలవే గతి."

చెప్పనని చిన్నాన్న మాటిచ్చాడు.

పొద్దున హవల్దారు ఆయన ప్యాంటు కేసి చూసి, "తడిసిందా, తమ్ముడూ?" అన్నాడు. అంతా గొల్లుమన్నారు. ఆ ఒక్క వెక్కిరింత ఆయన కడుపులో పెట్టుకోలేకపోయాడు. దెయ్యమూ లేదు గియ్యమూ లేదని, అందరినీ వెంటబెట్టుకెళ్ళి కంత చూపించాడు.

మాట పైదాకా పోయింది. ధైర్యవంతుడివని అధికారులు భుజం తట్టారు. ఇచ్చిన మాట ఒక్క పూట నిలుపుకోలేనివాడిది ఏం ధైర్యమో నాకు తెలియదు.

దెయ్యముందని నమ్మినన్నాళ్ళూ ఏ అధికారీ ఆ బావి జోలికి పోలేదు. వచ్చేది మనుషులని తెలిసింది – సాయంత్రానికల్లా కాంక్రీటు లారీ వచ్చి నిలబడింది.