ఆపరేషన్ పండుగప్ప

మైపాడు బీచ్‌లో డాక్టర్ పద్మనాభయ్య ప్యాంటు మడుచుకుని అలల్లో నిలబడ్డాడు. సైలెన్సర్ తుపాకీ దగ్గింది. వెనకనుంచి వచ్చిన బుల్లెట్ మెడను చీల్చేసింది. నురగ ఎర్రబడింది. ఒడ్డుకు లాగేసరికే ప్రాణం పోయింది. అదే సమయంలో ఆయన ల్యాబ్ తగలబడిపోతోంది.

"చేపల డాక్టర్‌ని ఎందుకు చంపారు సార్?" ఢిల్లీలో ఏజెంట్ వినీల చీఫ్‌ని అడిగింది.

"చెరువుల్లో కొత్త వైరస్ వదిలింది విదేశీ ముఠా, కోరల్ రింగ్. మన చేపలన్నీ పోతే ఏటా వాళ్ల దగ్గరే చేపపిల్ల కొనాలి. కానీ ఒక రైతు దగ్గర కొన్ని పండుగప్పలు చావలేదు. ఒంట్లో దూరిన వైరస్‌ని పసిగట్టే కాపలాదారులు ఇమ్యూన్ రిసెప్టర్లు. వాటిని తయారుచేసే జీన్ ఎన్నో తరాల క్రితం ఈ చేపల్లో రెండు కాపీలైంది. ఒకటి పాత పనే చేస్తోంది. రెండోది మారుతూ మారుతూ ఈ వైరస్‌ని పట్టేంతవరకూ వచ్చింది. డాక్టర్ కనిపెట్టిన ఈ డేటా అంతా ల్యాబ్‌తోపాటే కాలిపోయింది. ఇక ఆ జీన్ మిగిలింది బతికున్న చేపల్లోనే. వాటిని కాపాడు. అక్కడ మనవాడు ప్రవీణ్ ఉంటాడు."

చీఫ్ ఒక పెన్ను చేతిలో పెట్టాడు.

"గన్నా సార్?"

"ఆక్సిజన్ మీటర్. నీళ్లలో గాలి తగ్గితే బీప్ కొడుతుంది."

వినీల నిట్టూర్చింది.

మర్నాడు మిట్టమధ్యాహ్నం, మేత కంపెనీ రెప్ వేషంలో ఆ రైతు మాలకొండమ్మ ఫారంలో దిగింది. కూలింగ్ గ్లాసులు, ఖరీదైన సెంటు, సినిమా హీరో పోలికలతో ప్రవీణ్ ఎదురొచ్చాడు.

"ఐసు కరిగిందా?"

"పెట్టె నిండా ఉంది."

కోడ్ సరిపోయింది. మాలకొండమ్మ పండుగప్పలు తిరుగుతున్న సిమెంటు తొట్టి చూపించింది. "చెరువులన్నీ పోయినాయమ్మా. నాకు మిగిలింది ఇంతే." వినీల పెన్నును నీళ్లలోకి దించి గట్టుకు తగిలించింది.

నీళ్లలోకి గాలి చిలికే ఏరియేటర్ హఠాత్తుగా ఆగిపోయింది. ప్రవీణ్ చేతిలో కత్తి. తెగిన మెయిన్ కరెంటు వైర్లు. రెండో చేతిలో పిస్టల్.

"డాక్టర్‌కి నా బుల్లెట్ ఒక్కటి చాలింది. ఈ ఎండకి ఇవి ఎంతసేపు బతుకుతాయంటావ్?"

వినీల కాలు లేచింది. పిస్టల్ తొట్టిలో పడింది. వెనకే ఇద్దరూ పడ్డారు.

"జనరేటర్ బెల్టు గూడా కోసేసినాడు!" షెడ్డులోంచి మాలకొండమ్మ కేక. "పాతది ఎక్కిస్తా!"

కత్తి వినీల భుజాన్ని చీల్చింది. ఆమె మోచేయి అతని ముక్కు పగలగొట్టింది. మెడ దొరకబుచ్చుకుని గోడకు అదిమింది. ఇంకొక్క నొక్కు చాలు. డాక్టర్ గుర్తొచ్చి చేతులు బిగుసుకున్నాయి.

నీళ్లు నిలిచాయి. గట్టు మీద పెన్ను బీప్, బీప్‌మంది. చేపలు పైకి తేలి నోళ్లు తెరుస్తున్నాయి. ఇందాక కలబడినంతసేపూ పెన్ను నోరెత్తలేదు!

వినీల మెడ వదిలేసింది.

"వెనకనుంచి కాల్చే మొనగాడా, ముందునుంచి రా!"

అతను వచ్చాడు. ఆమె పక్కటెముక విరిగింది, పెదవి చిట్లింది. వినీల పడింది, లేచింది, కావాలనే మళ్లీ అతన్ని నీళ్లలో దొర్లించింది. ఎర్రటి నురగ దగ్గరికి పండుగప్పలు మూగాయి. పెన్ను ఊరుకుంది.

"అక్కా, అయిందా?" ఆమె గొంతులో ప్రాణం లేదు.

"ఇంకొంచేపు కొట్టుకోండమ్మా!"

చివరికి జనరేటర్ గర్జించింది. ఏరియేటర్ తిరిగింది. వినీల అతని కత్తి చేతిని తిరిగే రెక్కల్లోకి తోసింది. ఎముకలు పటపటమన్నాయి.

పైపుకు బేడీలతో వేలాడుతూ ప్రవీణ్ రొప్పాడు. "అప్పుడే చంపేదానివి. ఎందుకు వదిలావ్?"

వినీల నెత్తురు ఉమ్మేసింది.

"నీళ్లు చిలకడానికి ఇంకో కూలీ దొరకలేదు."