తెల్ల అక్షరాల బయోడేటా

“మేడం, హాబీస్ కాడ తప్పు పడ్డట్టుంది. ఒక్కసారి సూడుండ్రి.”

“ఏం తప్పు?”

“‘చెరకు లోడు ట్రాలీని రివర్స్ చేయడం’ అని ఉన్నది. పాటలు వినుడు, పుస్తకాలు చదువుడు, గిట్ల పెడ్తరు గద అందరు.”

“అందరూ పెడితే నేనూ పెట్టాలా? మీరు ప్రింట్లు తీసేవారా, పెళ్ళిళ్ళ పేరయ్యా?”

నిజామాబాద్ ఖలీల్‌వాడిలో ఆ డీటీపీ షాపు నడిపే రవీందర్ రోజుకు పది బయోడేటాలు కొడతాడు. అమ్మాయిలందరికీ వంట, సంగీతం. అబ్బాయిలందరికీ క్రికెట్, సమాజసేవ. సమాజసేవ చేయని పెళ్ళికొడుకు ఈ జిల్లాలో ఇంతవరకూ కాగితం మీద పుట్టలేదు. అలాంటిది బోధన్ బస్సు దిగి, వానలో సగం తడిసి, పెన్‌డ్రైవ్‌ను మాత్రం పొడిగా చున్నీకి ముడేసుకుని వచ్చిన ఈ ఉదయశ్రీ ఎవరో అతనికి అర్థం కాలేదు.

“రెండు చక్రాల ట్రాలీనా, నాలుగు చక్రాలదా?”

“నాలుగు చక్రాలది. నిండు లోడుతో.”

రవీందర్ మౌస్ మీది నుంచి చెయ్యి తీసేశాడు. “మా మామ ఇరువై ఏండ్ల సంది ట్రాక్టర్ తోల్తుండు మేడం. నాలుగు చక్రాలది వెనకకు పెట్టుడు ఇప్పటికీ ఆయనతోని కాదు.”

ఉదయశ్రీ అప్పుడు చూసింది అతని మొహం సరిగ్గా. చూశాక కోపం కొనసాగించడం కొంచెం కష్టమైంది.

“సరే, వినండి. అక్షరాలు వేరే, ఫొటో వేరే ప్రింట్ కావాలి. ఇరవై కాపీల్లో ఒట్టి అక్షరాలు. ఇరవై కాపీల్లో ఒట్టి ఫొటో. రెండూ ఒకే కాగితం మీద ఉండకూడదు.”

“ఎందుకు మేడం?”

“ఎవరు చదువుతారో, ఎవరు చూస్తారో తెలియాలి. సగం ఇళ్ళకు ఇది, సగం ఇళ్ళకు అది.”

అక్షరాలు సులువే. సెట్టింగుల్లో ఒక టిక్కు తీసేస్తే ఫొటో పడదు. ఫొటో మాత్రమే రావాలంటే అలాంటి టిక్కు లేదు. రవీందర్ తనకు తెలిసిన ఉపాయం చేశాడు. మొత్తం సెలెక్ట్ చేసి అక్షరాలకు తెల్ల రంగు వేశాడు. తెల్ల కాగితం మీద తెల్ల అక్షరాలు మాయమై, ఉదయశ్రీ ఒక్కతే మిగిలింది. కలర్ ప్రింటర్ కుయ్యికుయ్యిమంటూ ఆమెను ఇరవై సార్లు బయటికి తీస్తుంటే, అతని గుండెలో ఇరవై సార్లు ఏదో అయింది.

వేళ్ళు ఊరుకోలేదు. కనిపించదన్న ధైర్యంతో పేజీ అడుగున ఒక లైను టైప్ చేశాడు.

“ఖాళీ పేజీ మీద ఏం కొడుతున్నారు?”

“కీబోర్డ్ చెక్ చేస్తున్న మేడం.”

చెరిపేద్దామనే అనుకున్నాడు. కానీ కరెంటు ఎప్పుడు పోతుందో తెలియని షాపులో ఎదిగిన చెయ్యి అది. రెండు నిమిషాలకోసారి దానంతటదే సేవ్ కొట్టేస్తుంది. కొట్టేసింది. అంతలో బోధన్ బస్సు హారన్ వినబడింది. ఉదయశ్రీ పెన్‌డ్రైవ్ లాక్కుని వానలోకి పరుగెత్తింది.

ఫలితాలు వారంలో వచ్చాయి. ఫొటో అందిన ఇరవై ఇళ్ళూ కవరు మీది నంబరు చూసి ఫోన్ చేశాయి. అమ్మాయి పేరేమిటని ఒక్కరూ అడగలేదు, ముహూర్తం అడిగినవాళ్ళు ఇద్దరున్నారు. అక్షరాలు అందినవాళ్ళలో పంతొమ్మిది మంది “ఫొటో పంపండి” అన్నారు. ఇరవయ్యో ఆయన అది కరెంటు బిల్లనుకున్నాడు.

ఉదయశ్రీ తండ్రి చెంచురామయ్య మండిపడ్డాడు. ఆయన తాతగారు కాలవ నీళ్ళను నమ్ముకుని కోస్తా నుంచి వచ్చి బోధన్ దగ్గర స్థిరపడ్డారు. మూడు తరాలైనా ఆ యాసా పోలేదు, ఆ కోపమూ పోలేదు.

“ఒట్టి ఫొటో పంపితే మనుషులేమనుకుంటారే?”

“సంతోషించారు నాన్నా.”

“చాల్లే నీ పరీక్షలు! ఈ నెలలో ఎవరో ఒకర్ని ఖాయం చేస్తున్నా. మాట తిప్పేది లేదు.”

పెన్‌డ్రైవ్ తీసుకెళ్ళి బోధన్ మ్యారేజ్ బ్యూరో లింబయ్యకు ఇచ్చాడు. లింబయ్య ఫైలు తెరిస్తే ఫొటో తప్ప ఏమీ లేదు. కాసేపు తిట్టుకుని మొత్తం సెలెక్ట్ చేస్తే, ఖాళీ చోట దాక్కున్న వరసలు బయటపడ్డాయి; నల్ల రంగు వేశాడు. అక్షరాలన్నీ లేచి కూర్చున్నాయి, అడుగు లైనుతో సహా. ఆయన చదవలేదు. నలభై కాపీలు తీసి నలభై ఇళ్ళకు పంచాడు.

ఇంటికొచ్చిన కాపీని ఉదయశ్రీ చదివింది. రెండోసారి చదివింది. తర్వాత బావి గట్టు మీద కూర్చుని ఒక్కతే నవ్వింది.

ఆ తర్వాత నాలుగో రోజు, షాపులో చెడిపోయి మిగిలిన ఆమె అక్షరాల కాపీ ఒకటి కంటబడగానే, ఆ లైను చెరపలేదని రవీందర్‌కు గుర్తొచ్చింది. అందులోని నంబరుకు ఫోన్ చేశాడు.

“మేడం, మీ ఫైల్ల ఒక లైను... తీసేస్తరా?”

“ఏ లైను?”

“ఏం లేదు. కింద. చిన్నది.”

“చిన్నదేం కాదే.”

రవీందర్ కీబోర్డ్ వైపు కోపంగా చూశాడు.

“సారీ మేడం,” అన్నాడు.

“సారీ అంటే, రాసింది అబద్ధమా?”

“అబద్ధం కాదు.”

“అయితే తియ్యను,” అని పెట్టేసింది. పెట్టాక ఆమెకు భయం వేసింది. నలభై ఇళ్ళలో ఎవరూ చదవకపోతే, నాన్న అన్నంత పనీ చేస్తాడు.

పెళ్ళిచూపులకు గోపీచంద్ వచ్చాడు. ప్లాట్లు అమ్ముతాడు, సమాజసేవ చేస్తాడు.

“ఉదయశ్రీ గారి బయోడేటా మూడుసార్లు చదివానండి. బాగా నచ్చింది.”

“అయితే చివరి లైను కాస్త చదివి వినిపించండి,” అంది ఉదయశ్రీ.

అతను నవ్వుతూ కాగితం విప్పి గట్టిగా చదివాడు. “‘ఈ అమ్మాయి నాకు ఫొటో చూడకముందే నచ్చింది. రవీందర్, డీటీపీ, ఖలీల్‌వాడి.’”

ఎవరి చేతిలోని టీ వాళ్ళ చేతిలోనే ఉండిపోయింది.

చెంచురామయ్య కాగితం లాక్కున్నాడు. కళ్ళజోడు వెతుక్కుని, తన కూతురి గురించిన ఆ పేజీని మొదటిసారి పైనుంచి చదవడం మొదలుపెట్టాడు. హాబీస్ దగ్గర ఆగిపోయాడు.

“ట్రాలీ రివర్సేంటి? నువ్వెప్పుడు నేర్చుకున్నావు?”

“మీకు ఆపరేషనైన ఏడాది. ఆ సీజనంతా ఫ్యాక్టరీకి లోడు నేనే తోలాను.”

“డ్రైవర్ ఆశన్న తోలాడన్నావుగా!”

“మీరు మంచం దిగి వచ్చేస్తారని అలా చెప్పాను నాన్నా.”

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. అద్దాలు శుభ్రంగానే ఉన్నాయి. వచ్చినవాళ్ళు ఎప్పుడు లేచి వెళ్ళారో ఆయన చూడలేదు.

మర్నాడు మధ్యాహ్నం ఖలీల్‌వాడిలో మళ్ళీ వాన. పంచె పైకెగగట్టి షాపులోకి వచ్చిన పెద్దాయన కౌంటర్ మీద ఆ కాగితం పెట్టాడు.

“ఇది రాసింది నువ్వేనా అబ్బాయ్?”

రవీందర్ లేచి నిలబడ్డాడు. “నేనే సార్. డిలీట్ చేద్దామనుకున్న. సేవ్ అయిపోయింది.”

“ఏం చూసి నచ్చింది?”

“ట్రాలీ సార్. ముందుకు ఎవరైనా తోల్తరు.”

చెంచురామయ్య తడిసిన పంచె అంచు పిండుకున్నాడు. “మీ ఇంట్లో ఎవరెవరున్నారు?”

“మా అవ్వ ఉన్నది సార్, భీమవ్వ. బీడీలు చేస్తది. మేము మీవోళ్ళం గాదు సార్.”

“నలభై మంది మావాళ్ళకు పంచాను. ఒక్కడూ చదవలా. నేనూ చదవలా.” ఆయన కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. “నీ బయోడేటా కొట్టు. ఫొటో వద్దు, ఒట్టి అక్షరాలు. ఇక్కడే కూర్చుని చదువుతా.”

రోజుకు పది మందివి కొట్టే రవీందర్‌కు తన పేరు తర్వాత ఏం రాయాలో తోచలేదు.

“హాబీస్ నేను చెబుతా, రాయండి,” అంది గుమ్మంలో గొడుగు మూస్తూ ఉదయశ్రీ. “ఆడపిల్లల ఫైళ్ళలో దొంగరాతలు రాయడం.”

“నల్ల రంగులో కొట్టు నాయనా,” అన్నాడు చెంచురామయ్య.