బొట్టు పెట్టిన ట్రాలీ

కుర్చీ చూపించినా రూప్లి కూర్చోలేదు. తలుపు పట్టుకుని నిలబడింది.

"అక్కా, పొద్దుగూకే లోపల మా ఆయనను ఠాణాకు రమ్మన్నరు. ట్రాక్టర్‌కు తగిలించే పిన్ను పెట్టకుండ ట్రాలీ తోలిండంట. తావుర్యా గసోంటోడు కాదు."

బాన్సువాడ బస్టాండు ఎదుట ఉన్న ఆ చిన్న ఆఫీసు డిటెక్టివ్ మహేశ్వరిది. తప్పిపోయిన బర్రెల నుంచి దొంగ సంతకాల దాకా ఆమె తేల్చని కేసును సహాయకుడు వినోద్ ఇంతవరకు చూడలేదు.

పోయిన వారం బీర్కూర్ దగ్గర కాలువ ఎత్తు ఎక్కుతుంటే, చెరుకు ట్రాలీ ట్రాక్టర్ నుంచి విడిపోయి వెనక్కి దొర్లింది. వెనకే మోటార్‌సైకిల్ మీద వస్తున్న యజమాని పండరి కాలు విరిగింది. డ్రైవర్ తావుర్యా మీద కేసు పెట్టింది ఆయనే.

విరిగిన ట్రాలీ, దాన్ని తయారుచేసిన అఖిలేశ్ షెడ్డులోనే ఉంది.

"పిన్ను ఊడింది మేడమ్. ముందు కడ్డీ రోడ్డుకు గుద్దుకొని ఇరిగింది. నా ట్రాలీ గట్టిదే, డ్రైవరే మెత్తగున్నడు," నవ్వాడు అఖిలేశ్.

ట్రాలీని ట్రాక్టర్‌కు కలిపే కడ్డీ అది. మహేశ్వరి దాని కొసనున్న రింగును రుమాలుతో తుడిచింది. రుమాలుకు నల్లటి గ్రీజు తప్ప మట్టి అంటలేదు. తర్వాత విరిగిన కొస చూపించింది.

"వినోద్, ఏం రంగులున్నయి?"

"నీలం మేడమ్. కొంచెం ఎరుపు. రెండు చోట్ల తళతళ."

"యాది పెట్టుకో."

తావుర్యా ఒకటే మాట చెప్పాడు. "పిన్ను పెట్టి తీగ గూడ చుట్టిన. కడ్డీ ట్రాక్టర్‌కే ఏలాడింది. ఎవ్వరూ నమ్ముతలేరు."

పండరి మంచం మీద నుంచే విసుక్కున్నాడు. "దసరా పొద్దుగాల షెడ్డులనే పూజ చేసి, నిమ్మకాయ తొక్కిచ్చి తెచ్చుకున్న. అఖిలేశ్ సాయంత్రం దాక ఉంచుమన్నడు. ఏదో పనుందంట. పూజైనంక ఏం పని అని నేనే ఇనలే."

మహేశ్వరి కళ్లు మెరిశాయి. వినోద్‌కు మాత్రం ఏమీ అంతుపట్టలేదు.

మధ్యాహ్నం అందరినీ షెడ్డుకు పిలిపించింది. పండరి ఆటోలో కాలు చాపుకుని వచ్చాడు.

"కడ్డీ రోడ్డుకు గుద్దుకుంటే రింగుకు తారో, మట్టో అంటాలె. గ్రీజు చెక్కు చెదరలే. అంటే రింగు కింద పడనే లేదు. ఆనాడు తావుర్యా పెట్టిన పిన్ను పెట్టినట్టే ఉండె. విడిపోయింది కడ్డీని ట్రాలీకి కలిపే వెల్డింగు అతుకు దగ్గర."

"బరువెక్కువై..." అన్నాడు అఖిలేశ్.

"అట్ల ఇరిగితే లోపలంత తెల్లటి ఇనుమే కనిపించాలె. ఈడ రెండు చుక్కలే తళతళ. మిగిలిందంత నీలం రంగు, దాని మీద పూజ కుంకుమ. రంగేసిన నాడు, బొట్టు పెట్టిన నాడు ఆ సందు తెరిచే ఉంది. నువ్వు నిండుగ అతుకు పెట్టనే లేదు."

అఖిలేశ్ బల్ల మీద కూలబడ్డాడు. "దసరాకు అందరికీ ఒక్కనాడే కావాలె మేడమ్. రెండు చోట్ల చిన్న టాకాలేసి రంగు కొట్టినం, పూజైనంక గట్టిగ అతుకుదమని. బొట్టు పెట్టిన బండికి నిప్పు తాకియ్యొద్దని పండరి పటేల్ అన్నడు. నేను అడ్డం పడాల్సింది. పడలే. నా పేరు పోతదని, ట్రాలీ ఈడికి తెచ్చేటప్పుడు ఆ పిన్ను గూడ నేనే తీసి దాచిన."

పండరి తల దించుకున్నాడు. ఠాణాకు ఫోన్ చేసి, తప్పు డ్రైవర్‌ది కాదని చెప్పాడు. రూప్లి అప్పుడు కూర్చుంది.

"ఆనాడు ఇట్ల ఇంకెన్ని ట్రాలీలకు బొట్టు పెట్టిన్రు?" మహేశ్వరి గొంతు మారలేదు.

అఖిలేశ్ గబుక్కున లేచాడు. "కోటగిరికి ఒకటి పోయింది."

"చెయ్ ఫోన్."

బండి ఆపి అతుకు వేయించుకొమ్మని అఖిలేశ్ చెబితే, అవతల కోటగిరి యజమాని గట్టిగా అరిచాడు. "చెరుకు నింపుడైంది, ఇప్పుడే బయలెల్లుతున్నం. పూజైన బండికి మళ్ల నిప్పేంది?"

పండరి ఫోన్ లాక్కున్నాడు.

"నేను బీర్కూర్ పండరిని. బండి ఆడనే ఆపి, ఆటోల వచ్చి నా కాలు చూసి పో. బొట్టుదేముంది, మళ్ల పెట్టుకోవచ్చు."