చెత్త ఫోల్డర్

పార్కు బెంచీ మీద కూర్చున్న కొరియర్ పక్కనున్న ఇన్ఫార్మర్‌తో, "ఈ ఏడు చెరువులో నీళ్లు తగ్గాయి" అన్నాడు. అది కోడ్‌వర్డ్. ఆ తర్వాత ఇంకో మాట అనలేదు. సైలెన్సర్ బిగించిన రైఫిల్ అననివ్వలేదు.

ఆ కొరియర్ ఏజెంట్ మొద్దుకు స్వయానా బావమరిది. ఆనాటి నుంచి ఇంట్లో భార్య కంచం ముందు పెడుతోంది గానీ నోరు విప్పడం లేదు.

"కోడ్ ఎలా పొక్కింది సార్?"

"అది కనుక్కోమనేగా నిన్ను పంపేది!" చీఫ్ విసుక్కున్నాడు. "ఈ సాయంత్రం ఆ బెంచీకే కొత్తమ్మాయి వెళ్తోంది. ఇన్ఫార్మర్‌కి తెలిసింది ఆ చోటే, ఆ కోడే."

"మార్చొచ్చుగా?"

"మార్చాలంటే పైవాళ్ల సంతకం కావాలయ్యా."

బెంచీ పక్క చెట్టుకు ఓ చిన్న మైకు ఉంది. ఎదురు రోడ్డులోని పక్షి పరిశోధన కేంద్రానిది. మొద్దు మెకానిక్ వేషం వేసుకుని, దురద పుట్టించే పెట్టుడు మీసంతో అందులోకి వెళ్లాడు. డాక్టరమ్మ ఎదురొచ్చింది. నల్లకళ్లద్దాలు, ఖరీదైన సెంటు. పేరుకు పక్షుల డాక్టరు గానీ, చీఫ్ నెత్తిన పెట్టుకునే మన సొంత ఏజెంటే.

"చెట్ల మీది మైకులన్నీ ఇక్కడికే లైవ్ స్ట్రీమ్ అవుతాయి. కూత వినగానే సాఫ్ట్‌వేర్ ఏ పిట్టో చెప్పేస్తుంది."

స్క్రీన్ మీద పేర్లు పడుతున్నాయి. గోరింక. నీటికోడి. వడ్రంగిపిట్ట.

"మనుషుల మాటలొస్తే మేడమ్?"

"కూత ఉన్న ముక్క ఉంచుకుంటాం. లేనిది చెత్త ఫోల్డర్‌కి పోతుంది."

"ఆ చెత్త ఎవరు ఎత్తుకెళ్తారండీ?"

ఆమె నవ్వు ఆగింది. మొద్దు స్క్రూడ్రైవర్లో దాచిన స్కానర్ ఎర్రగా వెలిగింది. చెత్త ఫోల్డర్ ఎప్పటికప్పుడు ఓ విదేశీ సర్వర్‌కు ప్రవహిస్తోంది.

డాక్టరమ్మ హ్యాండ్‌బ్యాగ్‌లోంచి పిస్తోలు తీసింది. "లేటయింది బావగారూ! ఆ చెత్తంతా మావాడి ఇయర్‌ఫోన్‌లో వినిపిస్తుంటుంది. బెంచీ మీద ఎవరో ఒకరు ఎప్పుడూ ఉంటారుగా, కోడ్ అన్నవాళ్లనే కాలుస్తాడు. మీ బావమరిదిది ఎంత మంచి గొంతో, పాపం!"

మొద్దు టూల్‌బ్యాగ్ ఆమె మొహాన కొట్టి, చేతికందిన స్పానర్‌తో బయటికొచ్చి, తలుపు గడియ పెట్టి పరుగు తీశాడు. ఫోన్ చేద్దామంటే, కొత్తమ్మాయి ఫోన్‌ను రూలు ప్రకారం ఆఫీసులోనే పెట్టించుకున్నారు.

బెంచీ మీద ఇన్ఫార్మర్. పక్కనే కొత్తమ్మాయి. పెదవులు కదపబోతోంది. "ఆగు" అని అరిస్తే ఆ అరుపే తుపాకికి సిగ్నల్.

మొద్దు మైకు కిందికెళ్లి నోరు తెరిచాడు.

"కావ్! కావ్! కావ్!"

ఊపిరి అందకున్నా ఆపలేదు. ఆ రొదలోనే అమ్మాయి కోడ్ చెప్పింది, చేయాల్సింది చేసింది, ఇద్దరూ చెరో దారిన పోయారు. సాఫ్ట్‌వేర్ ఆ ముక్కలన్నీ బుద్ధిగా పక్షుల ఫోల్డర్‌లో దాచుకుంది. చెత్త ఫోల్డర్‌కి ఏమీ రాక ఇయర్‌ఫోన్ మూగబోయేసరికి హంతకుడు పడవల షెడ్డులోంచి తిట్టుకుంటూ వచ్చి మైకు వైపు తలెత్తాడు. ఆ తల మీద స్పానర్ పడింది.

డాక్టరమ్మ మాత్రం కిటికీలోంచి దూకి మాయమైంది.

"ఆవిణ్ణి మనమే వదిలేశామని రిపోర్టులో రాశాను. లేకపోతే నా పరువేం కావాలి?" అన్నాడు చీఫ్, కొత్త మెడల్ సర్దుకుంటూ. "అన్నట్టు, సాఫ్ట్‌వేర్ నిన్ను బొంతకాకి అందయ్యా. ఏ మాత్రం అనుమానం లేదట!"

ఇంటికెళ్లాక భార్య కంచం పెట్టింది. ఇన్నాళ్లకు నోరు విప్పింది.

"గొంతు అలా పోయిందేం?"

"కాకిలా అరిచా. ఓ అమ్మాయి బతికింది."

"మా తమ్ముడి వేళకి ఈ కాకి ఎక్కడికి పోయింది?" అని లోపలికి వెళ్లిపోయింది.