నీలిరంగు పీపా

"నువ్వు దేశం వదిలి పారిపోవాలి," అన్నాడు కల్నల్ కింటానా.

ఎవెలియో మొహంలో ఏ మార్పూ లేదు. పద్దెనిమిదేళ్ల గూఢచారి సర్వీసులో ఇంతకన్నా వింత ఆర్డర్లు విన్నాడు.

"ఎలా?"

"అందరూ ఎలా పోతున్నారో అలాగే. తెప్ప మీద."

అది 1994 ఆగస్టు. క్యూబా రాజధాని హవానా పక్కన కోహిమార్ తీరంలో జనం పట్టపగలే లారీ ట్యూబులు, తలుపు చెక్కలు, ఇనప పీపాలు కలిపి కట్టుకుని సముద్రంలోకి దిగుతున్నారు. ఆపేవాళ్లు లేరు.

కల్నల్ ఒక ఫొటో ముందుకు తోశాడు. పెద్ద కళ్లు, ఎర్రటి లిప్‌స్టిక్, ఎవరినీ లెక్కచేయని నవ్వు.

"యమిలా. క్యాబరే డాన్సరు. ఎల్లుండి తెప్ప ఎక్కుతోంది. ఫ్లోరిడాలో ఆయుధాలమ్మే ముఠా ఒకటుంది, పెలికాన్ అంటారు. మనవాళ్లని ఎక్కించుకునే అమెరికన్ ఓడ ఒకటి పేలిపోవాలని వాళ్ల ప్లాన్. నింద మన మీద పడుతుంది. యుద్ధమొస్తే వాళ్లకి బేరాలే బేరాలు. ఈమె ఎక్కే తెప్పతోనే ఆ పని జరుగుతుందని సమాచారం."

"తీరంలోనే పట్టుకోవచ్చుగా?"

"పట్టుకుంటే జాగ్రత్తపడి ఇంకో తెప్ప చూసుకుంటారు. అదేదో మనకి తెలియదు."

"ఈమె వాళ్ల మనిషా?"

"వాళ్ల మనిషే. రెండేళ్లుగా మనకీ పనిచేస్తోంది. ఎవరికి ఎక్కువ చేస్తోందో నాకూ తెలీదు. 'సముద్రం ఇవాళ తియ్యగా ఉంది' అను. 'చెరకు పండిన ఏడాది కదా' అంటే మనతో ఉన్నట్టు."

ఎవెలియో లేచాడు. గుమ్మం దగ్గర ఆగాడు. "నియెవెస్‌కి ఏం చెప్పమంటారు?"

"అందరికీ చెప్పేదే. పారిపోతున్నానని."

ఇంట్లో నియెవెస్ నల్ల చిక్కుళ్లలో రాళ్లు ఏరుతోంది. భర్త చెప్పింది విని కూడా తల ఎత్తలేదు.

"చెప్పకుండా పోవాల్సింది. పనికెళ్లావనుకుని ఇంకో రెండ్రోజులు హాయిగా ఉండేదాన్ని."

పన్నెండేళ్ల కాపురం. ఒక్క మాట చెబితే చాలు, ఆమె మొహం మారిపోతుంది. ఆ మాట చెప్పే వీల్లేదు. బయల్దేరేటప్పుడు ఆమె పంచదార నీళ్ల సీసా ఒకటి సంచిలో పెట్టి, లోపలికెళ్లి తలుపేసుకుంది. తిట్టి ఉంటే అతనికి తేలిగ్గా ఉండేది.

తెప్ప మీద ఐదుగురు. తెడ్లు వేసే అన్నదమ్ములిద్దరు, తెప్ప కట్టిన ముసలి మెకానిక్ లియోన్సియో, యమిలా, జాగ్రఫీ టీచరు వేషంలో ఎవెలియో. ఆరు లారీ ట్యూబులు, వాటి మీద చెక్కలు, నాలుగు మూలలా నాలుగు పీపాలు. మూడు తుప్పు పట్టినవి. ఒకటి నీలిరంగుది, కొత్తది.

"అది ఈవిడ తెచ్చిన కట్నం," అన్నాడు లియోన్సియో యమిలాని చూపిస్తూ. "ఈ రోజుల్లో ఇంత మంచి పీపా ఎక్కడ దొరుకుతుంది మాస్టారూ? ఆ పీపా మొహం చూసే ఎక్కించుకున్నాను."

"నా మొహం చూసి కాదా తాతా?" అంది యమిలా.

"నా వయసులో పీపాయే నయం తల్లీ."

తీరం సన్నబడి గీతయ్యాక ఎవెలియో ఆమె పక్కన చేరాడు. "సముద్రం ఇవాళ తియ్యగా ఉంది."

ఆమె అతని వైపు చూసింది. చూపు మరల్చి జుట్టు దువ్వుకోసాగింది.

రెండు రోజులు గడిచాయి. ఎవెలియో అందరి సంచులూ చాటుగా వెతికాడు. రస్కులు, నిమ్మకాయలు, యమిలా సంచిలో ఒక చిన్న ట్రాన్సిస్టర్. ఇంకేమీ లేవు. రెండో రోజు ఒక తెప్ప ఎదురొచ్చింది. దాని మీద ఒక జత చెప్పులు తప్ప మనుషుల్లేరు. లియోన్సియో టోపీ తీసి మళ్లీ పెట్టుకున్నాడు.

ఆ సాయంత్రం మిగతావాళ్లు తమవాళ్ల గురించి చెప్పుకున్నారు. మయామీలో తమ్ముడు, టాంపాలో మేనత్త. "మరి నీకెవరున్నారు మాస్టారూ?" అని అడిగాడు ముసలాయన. అవతల ఎవరూ లేరు. ఇవతల ఉన్న ఒక్క మనిషీ తలుపేసుకుంది. చుట్టూ ఇంత నీళ్లుంటే ఇంత ఒంటరితనం ఉంటుందని ఏ జాగ్రఫీ పుస్తకంలోనూ లేదు. ఎవెలియో నవ్వి తెడ్డు అందుకున్నాడు.

మూడో రోజు మధ్యాహ్నం తెల్లటి ఓడ కనిపించింది. అన్నదమ్ములు చొక్కాలు విప్పి ఊపారు. యమిలా ట్రాన్సిస్టర్ తీసి మీట తిప్పింది. పాట రాలేదు.

ఓడ వీళ్ల వైపు తిరిగింది. ఆమె ఎవెలియో చెవి దగ్గరకి వంగింది.

"చెరకు పండిన ఏడాది కదా," అంది. ఆమె పెదాలు ఎండి పగిలి ఉన్నాయి. "మూడు రోజులు ఆలోచించాను మాస్టారూ. నన్ను తీసుకెళ్లడానికి పడవ పంపుతామన్నారు. ఓడ కనపడగానే ఇది తిప్పితే పది నిమిషాల్లో వస్తుందన్నారు. ఏ పడవా కనపడటం లేదే?"

"పీపా ఎవరిచ్చారు?"

"వాళ్లే. సిగ్నల్ యంత్రం అందులో ఉందన్నారు. నీలం పీపా ఓడకి ఆనేలా చూసుకోమన్నారు."

"తిప్పి ఎంతసేపైంది?"

ఆమె మొహం పాలిపోయింది. "ఐదు నిమిషాలు."

ఎవెలియో కత్తి లాగాడు. "తాతా, ఈ పీపా కోసెయ్యాలి. తెప్ప నిలుస్తుందా?"

లియోన్సియో అతని కళ్లలోకి చూసి కారణం అడగలేదు. "ఒరుగుతుంది, మునగదు. నేను కట్టింది."

మూడు తాళ్లు తెగాయి. నాలుగోది తడికి బిగిసిపోయింది. ఎవెలియో చెయ్యి తెగి రక్తం కారుతుంటే యమిలా ఆ తాడుని పళ్లతో పట్టి లాగింది. తెగింది. తెప్ప ఒక పక్కకి ఒరిగింది. అతను నీళ్లలోకి దూకి, పీపాని ఛాతీతో నెడుతూ ఓడకి దూరంగా ఈదాడు. నూట యాభై లెక్కపెట్టి దాన్ని ప్రవాహానికి వదిలేశాడు. వెనక్కి తిరిగి ఎనభై లెక్కపెట్టేసరికి సముద్రం లేచి అతని వీపున చరిచింది.

కళ్లు తెరిచేసరికి ఓడ డెక్ మీద ఉన్నాడు. కుడి చెవి వినపడటం లేదు. అందరూ బతికే ఉన్నారు. యమిలాని ఇద్దరు ఆఫీసర్లు వేరే గదిలోకి తీసుకెళ్తున్నారు. తనకి తెలిసిందంతా ఆమె వాళ్లకి అప్పుడే చెప్పడం మొదలుపెట్టింది, అతనెవరన్నది ఒక్కటి తప్ప.

ఓడ ఫ్లోరిడా వెళ్లలేదు. సముద్రంలో దొరికినవాళ్లని అమెరికాలోకి రానివ్వకూడదని ఆ వారమే రూలు మారింది. అందర్నీ క్యూబా కొసనే ఉన్న అమెరికన్ సైనిక స్థావరం గ్వాంటనామోకి తెచ్చి గుడారాల్లో పడేశారు. కంచె అవతల క్యూబా. అక్కడికి తిరిగెళ్లి నిజం చెబితే మిషన్ రహస్యం బయటపడుతుంది. చెప్పకపోతే అందరి కళ్లలో అతనొక పారిపోయిన మనిషి. నియెవెస్ ఇప్పుడు ఏం చేస్తూ ఉంటుందో అనుకుంటూ అతను క్యూలో నిలబడ్డాడు.

రిజిస్ట్రేషన్ ఆఫీసరు స్పానిష్‌లో అడిగాడు. "వృత్తి?"

"జాగ్రఫీ టీచర్ని."

"దేశం ఎందుకు వదిలావు?"

ఎవెలియో కంచె అవతలి కొండని చూశాడు. "ఇంకా వదల్లేదు సార్. అదిగో, అక్కడే ఉంది."

ఆఫీసరు నవ్వి, ఫారం చివర ఒక్క ముక్క రాసి స్టాంపు కొట్టాడు: 'అమాయకుడు. ఇతని వల్ల ఏ ప్రమాదమూ లేదు.'