కుప్పం మూడో మలుపు

"గిరిబాబు, ఎనభై నాలుగు కిలోలు," అని పుస్తకంలో రాయబోతూ తల పైకెత్తింది మునీశ్వరి. నన్ను చూసింది. పెన్ను ఆగిపోయింది.

నేను తూకం మీద నిలబడి ఉన్నాను. మదనపల్లె టమోటా మార్కెట్ నుంచి లారీలో తెచ్చిన తూకం అది. కుప్పం గ్రౌండులో ఆ ఆదివారం గో-కార్ట్ రేసు, నేలబారు చిన్న బండ్ల పందెం. డ్రైవర్లందరినీ దాని మీదే తూస్తున్నారు. ఏడేళ్ల తర్వాత ఆమెను ఎలా కలుస్తానా అని ఎన్నో ఊహించుకున్నాను గానీ, టమోటాల చోట నిలబడి కలుస్తానని మాత్రం అనుకోలేదు.

"ఆపొద్దు యాభై ఆరు ఉంటివి," అంది. "బరువు సాలక సీటు కింద ఇసక మూట కట్టినాం. గుర్తుండాదా?"

"ఉండాది."

"ఈపొద్దు మూట అక్కర్లేదులే. నువ్వే మూటయినావు."

వెనక లైన్లో ఉన్నవాళ్లు నవ్వారు. నేనూ నవ్వాను. ఆమె నవ్వలేదు.

"తర్వాత ఎవరప్పా?" అంది, నన్ను దాటి చూస్తూ.

ఇంజనీరింగ్ ఆఖరి సంవత్సరంలో మేమిద్దరం కలిసి ఒక కార్టు తయారుచేశాం. పుంగనూరులో వాళ్ల నాన్న చెంగయ్య మామ వెల్డింగ్ షెడ్డులో. నడిపేది నేను, బ్రేకుల పని ఆమెది. బ్రేకు గొట్టంలో గాలి చేరితే పెడల్ మెత్తబడిపోతుంది. ఆ గాలి తీయడానికి ఇద్దరు కావాలి. ఒకరు పెడల్ తొక్కి పట్టుకుంటే, ఇంకొకరు చక్రం దగ్గర నట్టు కాస్త తిప్పి, గాలి పోయాక మళ్లీ బిగించాలి. "తొక్కు, పట్టు, వదులు" అని ఆమె చెప్పేది. నేను తొక్కేవాణ్ణి. గాలి ఎప్పుడో పోయినా, ఇంకా ఉన్నట్టుందే అని నేను అబద్ధం చెప్పేవాణ్ణి. ఆ సాయంత్రాలు అంత బాగుండేవి మరి.

ఆ ఏడాది రేసు కూడా ఇదే కుప్పంలో. మూడో మలుపులో టైర్ల గోడను గుద్దేశాను. అందరూ పరిగెత్తుకొచ్చి ఏమైందని అడిగితే, నా నోట్లోంచి వచ్చిన మాట, "బ్రేకు పడలేదు."

చెంగయ్య మామ అందరి ముందరా కూతురి చేతిలోంచి స్పానర్ లాక్కున్నాడు. "మనిషి పానం పోయుంటే? ఇంక నువ్వు సామాను ముట్టొద్దు," అన్నాడు. ఆమె నా వైపు చూసింది. నేను తల దించుకున్నాను.

ఆ తర్వాత మళ్లీ కార్టు ఎక్కలేదు. మదనపల్లె కరెంటాఫీసులో ఉద్యోగం, వేళకు భోజనం, ఇందాక మీరు విన్న ఎనభై నాలుగు కిలోలు. మొన్న రేసు పోస్టరు మీద "బండ్ల తనిఖీ: చెంగయ్య, పుంగనూరు" అని చూశాక, ఇప్పుడు పోకపోతే ఇక జన్మలో పోలేననిపించింది. స్నేహితుడి కార్టు అడిగి తెచ్చుకున్నాను.

తూకం అయ్యాక తనిఖీ. చెంగయ్య మామ పెడల్ చేత్తో నొక్కి చూసి మొహం చిట్లించాడు.

"మెత్తగుండాది. గాలి సేరింది. దీన్ని రేసులోకి పంపను. మెకానిక్కు ఉండాడా?"

"లేడు మామా. మునీ ఉండాది గదా."

పక్కనే పుస్తకం పట్టుకుని నిలబడ్డ మునీశ్వరి ఉలిక్కిపడింది.

"దాని సేతికి బ్రేకులు ఇయ్యను," అన్నాడాయన. "ఒకసారి సూసినాం గదప్పా. దెబ్బ తినింది నువ్వే."

ఇప్పుడు కూడా నోరు మూసుకుంటే నేను మనిషినే కాదు.

"ఆపొద్దు బ్రేకు బాగానే ఉండె మామా. నేనే తొక్కలేదు."

"ఏంది?"

"మలుపు కాడ మునీ నిలబడుండె. నన్ను సూస్తాందా లేదా అని పక్కకు సూసినా. తిరిగేసరికి టైర్లు ముందరుండాయి. అందరూ నవ్వుతారని అబద్ధం సెప్పినా."

చినుకులు మొదలయ్యాయి. చెంగయ్య మామ పెడల్ మీంచి చెయ్యి తీసేశాడు. మునీశ్వరి అంది.

"ఏడేండ్లు! ఏడేండ్లు మా నాయన స్కూటర్ బ్రేకు గూడా నన్ను ముట్టనీలేదు. నేనే ఏమన్నా మర్సిపోయినానేమో అని ఎన్నిసార్లు అనుకున్నానో తెలుసా? పెడల్ తొక్కి, బాగుండాదని సెప్పింది నువ్వే గదా! యాల దాసినావు?"

"అటు యాల సూసినావని అడుగుతారని."

"ఇప్పుడడుగుతాండా. యాల సూసినావు?"

లైన్లో ఉన్నవాళ్లంతా చెవులు రిక్కించి వింటున్నారు. పోతే పోనీ అనుకున్నాను.

"నువ్వంటే ఇష్టం గాబట్టి. ఆపొద్దూ, ఈపొద్దూ."

ఆమె చెవులు ఎర్రబడ్డాయి. కోపమో, ఇంకేదో తెలియలేదు. చెంగయ్య మామ గొంతు సవరించుకుని, జేబులోంచి స్పానర్ తీసి కూతురి ముందుకు చాచాడు.

"నేనూ నిన్నొక మాట అడగకపోతి తల్లీ," అన్నాడు. "తప్పు నాది గూడా."

ఆమె కాసేపు ఆ స్పానర్ వైపే చూసింది. తర్వాత తీసుకుని, పుస్తకం ఆయన చేతిలో పెట్టి, చక్రం దగ్గర కూర్చుంది.

"నీ సంగతి రేసయినాక సూస్తా," అంది నాతో. "ఎక్కి కూర్చో. తొక్కు."

తొక్కాను.

"పట్టు."

పట్టాను.

"వదులు."

నాలుగు సార్లకే పెడల్ గట్టిపడింది. ఈసారి అబద్ధం చెప్పలేదు.

"గాలి పోయింది."

"ఆపొద్దు గూడా ఇన్ని సార్లకే పోయేది," అంది తల ఎత్తకుండానే. "నాకు తెలీదనుకుంటివా?"

తడిసిన ట్రాకు మీద పన్నెండు మందిలో తొమ్మిదోవాడిగా వచ్చాను. ఎనభై నాలుగు కిలోలకు అదే ఎక్కువ. మూడో మలుపు పక్కన ఆమె నిలబడి ఉందని తెలుసు. పది రౌండ్లలో ఒక్కసారి కూడా తల తిప్పలేదు.

హెల్మెట్ తీసేసరికి ఎదురుగా ఉంది. చేతులకు నూనె, జుట్టు నిండా చినుకులు.

"పది రౌండ్లు కొట్టినావు," అంది. "నన్ను ఒక్కసారన్నా సూడలేదేంది?"

"బ్రేకు తొక్కతా ఉంటి."

వెనక నుంచి చెంగయ్య మామ గొంతు వినబడింది.

"బండి ఆగింది గదప్పా. ఇప్పుడు సూడు."

చూశాను. నన్నే చూస్తోంది.