పీక లేని సన్నాయి

పాలకొల్లు నుంచి నరసాపురం వైపు దిగే కాలవ మీద చినగరువు లాకు అని ఒకటి ఉండేది. లాకు అంటే ముందూ వెనకా తలుపులుండి, పడవని నీళ్ళతోపాటు ఎక్కించి దించే గోడల గది. పొద్దుగూకాక ఆ లాకులోకి పడవ తోలాలంటే పడవవాళ్ళు జంకేవారు. తప్పనిసరై తోలితే కల్లుముంత ఒకటి వెంట ఉండాల్సిందే. లాకులోకి రాగానే ఆ కల్లు నీళ్ళలో పోసి, కళ్ళు గట్టిగా మూసుకొని, "తాగు బాబూ, తాగి మమ్మల్ని వదిలెయ్" అని గొణుక్కొనేవారట.

ఎందుకంటే అక్కడ ఒక తాగుబోతు దెయ్యం ఉంది. సన్నాయి ఊదే దెయ్యం.

ఊదుతుందంటే పాట వినిపిస్తుందనుకొనేరు. పాట కాదు. ఉత్త గాలి. హూ... హూ... అని. ఎవరో గుండెలనిండా ఊపిరి పీల్చి ఊదుతున్నట్టు... అయినా పలకనట్టు.

ఈ సంగతి మా నాయనమ్మ నాకు చెప్పింది. ఆవిడకి వాళ్ళ నాన్న చెప్పాడు. ఆయన పేరు సామ్యేలు. ఆ లాకు మీద తలుపులు తీసి, మూసే లస్కరు. ఆదివారం ప్రార్థన తప్పని మనిషి, దెయ్యాలూ భూతాలూ నమ్మడు. "తలుపు చెక్కల సందులోంచి గాలండీ, అంతే" అనేవాడట. బడిలో పిల్లలు అడిగితే నేనూ అదే చెప్పేదాన్ని. ఖాళీ సీసా మూతి మీద ఊది చూపించేదాన్ని కూడా. మీరూ ప్రస్తుతానికి అలాగే అనుకోండి.

ఇప్పుడు ఆ దెయ్యం మనిషిగా ఉన్నప్పటి మాట.

అతని పేరు చిట్టియ్య. ఆనకట్ట నీళ్ళు వచ్చి, చేలు పండి, పెళ్ళిళ్ళు ఘనంగా చేసుకొంటున్న రోజులవి. ఆ చుట్టుపక్కల ఎవరింట్లో పెళ్ళైనా చిట్టియ్య సన్నాయే ఉండాలి. అతని పక్కన రెండో సన్నాయి పట్టేవాడు బుల్లబ్బాయి. చిట్టియ్య భార్య బుల్లెమ్మకి స్వయానా తమ్ముడు. బావ దగ్గరే ఊదడం నేర్చుకొన్నాడు.

మేళగాళ్ళకి తాగుడు కొత్తేం కాదు. తెల్లవార్లూ ఊరేగింపులో ఊదాలి. కల్లు పడితే ఊపిరి నిలుస్తుందని ఒకడు, నల్లమందు ఉండ నాలిక కింద పెట్టుకొంటే కాళ్ళ నొప్పి తెలియదని ఇంకొకడు. చిట్టియ్య కూడా తాగేవాడు. ఒక పెళ్ళిలో తాళి కట్టే వేళకి అరుగు మీద పడి గురక పెట్టాడు. పెళ్ళివారు నీళ్ళు కొట్టి లేపారు. ఊరంతా నవ్వింది. బుల్లెమ్మ మటుకు నవ్వలేదు. పిల్లని చంకనేసుకొని పుట్టింటికి పోయింది.

చిట్టియ్య వెళ్ళి గుమ్మంలో నిలబడ్డాడు. మొలలోంచి సన్నాయి పీక తీశాడు.

పీక అంటే గొంతు కాదండీ. సన్నాయి మూతికి తగిలించే చిన్న రెల్లు ముక్క. దాన్ని నీళ్ళలో నానబెట్టి, నోట్లో తడిపి, పెదాలమధ్య పెట్టుకొని ఊదాలి. అది లేకపోతే సన్నాయి ఉత్త కర్రగొట్టం.

"బుల్లీ," అన్నాడు, "ఈ పీక పెట్టుకొనే నోట్లో ఇంక కల్లు చుక్క పడదే. నల్లమందు పడదు. పడితే ఇది మళ్ళీ నాకు పలకొద్దు."

ఆవిడ నమ్మింది. తిరిగొచ్చింది. అతను మాట నిలబెట్టుకొన్నాడు కూడా. తోటివాళ్ళు ఎగతాళి చేసేవారు. "ఏంటి చిట్టియ్యా, మజ్జిగ తాగి ఊదుతున్నావా? పాట పుల్లగా ఉందేం!" అనేవారు. అతను నవ్వి ఊరుకొనేవాడు. సన్నాయి మునుపటికంటే తియ్యగా పలికేది.

ఇంతలో పక్క ఊళ్ళో కొత్తగా గుడి కట్టిన కామందు, స్వామి కల్యాణం రాత్రి ఎవరు బాగా వాయిస్తే ఆ మేళానికి మాన్యం రాసిస్తానన్నాడు. మాన్యం అంటే తరతరాలు తినే భూమి. చిట్టియ్యకే వస్తుందని అందరికీ తెలుసు. బుల్లబ్బాయికీ తెలుసు. బావకి మాన్యం వస్తే తను ఆ గుడి మెట్ల మీద రెండో సన్నాయిగానే ముసలివాడవ్వాలని కూడా తెలుసు.

మొదటి సన్నాయి ఊదే పెద్దాయనకి పీకలు నానబెట్టి అందించడం రెండో సన్నాయి పని. ఆ రాత్రీ బుల్లబ్బాయే నానబెట్టి ఇచ్చాడు.

చిట్టియ్య మొదలుపెట్టాడు. పందిట్లో చీమ చిటుక్కుమంటే వినపడేంత నిశ్శబ్దం. బుల్లెమ్మ ఆడవాళ్ళలో కూర్చొని పొంగిపోతోంది. అలా ఊదుతూ ఊదుతూ... వేళ్ళు బరువెక్కాయి. ఒక స్వరం జారింది. ఇంకోటి జారింది. రెప్పలు వాలాయి. ఒళ్ళు తూలింది—

"మళ్ళీ వేశాడ్రోయ్!" ఎవరో అరిచారు.

పందిరంతా గొల్లుమంది. సన్నాయి మూతి నుంచి పీక ఊడి నేలమీద పడింది. ఆ క్షణంలో బుల్లబ్బాయి బావ వదిలేసిన చోట అందుకొన్నాడు. తెల్లవార్లూ తనే నిలబెట్టాడు. మాన్యం అతనికే దక్కింది.

"బుల్లీ, నేను తాగలేదే..." అన్నాడు చిట్టియ్య. మాట ముద్దగా వచ్చింది.

బుల్లెమ్మ అతని నోటి దగ్గర ముక్కు పెట్టి చూసింది. కల్లు వాసన లేదు.

"అయితే నల్లమందా? ఛీ! నా ముందే ప్రమాణం చేసిన నోరేనా అది? నన్ను బుల్లీ అని పిలవకు."

నేలమీద పీక తీసి కొంగున ముడేసుకొని వెళ్ళిపోయింది. ఇంక నీ చేతికి ఇది ఇవ్వను అని దాని అర్థం.

చిట్టియ్య పీక లేని సన్నాయి పట్టుకొని, తూలుతూ, ఇంటిదారి పట్టాడు. ఆ దారి లాకు తలుపుల మీది పలక మీదుగా పోతుంది...

మర్నాడు శవం దొరికింది. సన్నాయి దొరకలేదు.

బావ పేరు చెప్పి లాకులో మొట్టమొదట కల్లు పోసింది బుల్లబ్బాయే. "తాగి పోయాడు, దాహంతో ఉంటాడు పాపం" అనేవాడు కళ్ళు తుడుచుకొంటూ. అతన్ని చూసి పడవవాళ్ళు అలవాటు చేసుకొన్నారు.

ఏళ్ళు గడిచాయి. పిల్లకి పెళ్ళయింది. బుల్లెమ్మ తమ్ముడి పంచన ఉంటోంది. ఒకసారి నరసాపురం దగ్గర పెళ్ళికి మేళం కుదిరింది. చుట్టాలున్న ఊరని బుల్లెమ్మ కూడా పడవెక్కింది. చిట్టియ్య పోయాక ఆవిడ ఆ లాకు దాటడం అదే మొదలు.

పడవ ఆలస్యమై చీకటి పడ్డాక లాకు చేరింది. సామ్యేలు వెనక తలుపులు మూశాడు. ముందు తూము ఎత్తాడు. దిగువకి పోయే పడవ కదా, లోపలి నీళ్ళు మెల్లగా దిగుతాయి, నీళ్ళతోపాటు పడవా దిగుతుంది. చుట్టూ పాకుడు గోడలు. పైన ఒక్క లాంతరు. నూతిలోకి దిగుతున్నట్టే ఉంటుంది.

బుల్లబ్బాయి ముంత వంచాడు. "తాగు బావా."

కల్లు నీళ్ళలో పడిందో లేదో...

హూ...

పడవవాడు కళ్ళు మూసుకొన్నాడు. డోలు వాయించేవాడు డోలుని కావలించుకొన్నాడు. హూ... హూ... గోడలోంచి, నీళ్ళలోంచి, మరీ దగ్గరగా. ఆత్రంగా. ఏదో చెప్పాలని రొప్పుతున్నట్టు.

బుల్లెమ్మ తలెత్తింది. "లస్కరుగారూ, ఎప్పుడూ ఇంతేనా అండి?"

"గాలమ్మా," అన్నాడు సామ్యేలు పైనుంచి. గొంతు తగ్గించాడు. "కల్లు పోసినప్పుడే ఎక్కువవుతుంది... అదే నాకూ అంతుపట్టడం లేదు."

బుల్లెమ్మ చాలాసేపు విన్నది. మేళగాడి పెళ్ళాం కదా. అది ఉత్త కర్రగొట్టంలో ఊదుతున్న ఊపిరి అని ఆవిడకి తెలిసిపోయింది.

"పీక లేదు పాపం," అంది మెల్లగా. "నేనేగా తీసుకొచ్చేశాను."

ఇన్నేళ్ళూ గుడ్డలో చుట్టి రొంటిన దాచుకొన్న పీక బయటికి తీసింది. నీళ్ళలో వేసేద్దామనుకొంది. ఎండిన పీక పలకదు కదా... తడిపి ఇద్దామని, మొగుడు తడిపినట్టే నోట్లో పెట్టుకొంది.

చేదు.

నాలిక మొద్దుబారేంత చేదు. ఆ చేదు ఆవిడకి తెలుసు. పసిపిల్ల నిద్రపోకపోతే ఆవగింజంత వేలికి రాసి నాకించే చేదు అది. నల్లమందు.

రెల్లు ముక్కకి నల్లమందు ఎలా పట్టింది? నోట్లో ఉండ వేసుకొంటే పట్టదు. నల్లమందు నీళ్ళలో నానబెడితే పడుతుంది. పందిరంతా చూస్తుంటే, చేదని ఊదడం ఆపే మనిషా అతను?

"బుల్లబ్బాయీ..." అంది. "ఆ రోజు పీకలు దేంట్లో నానేశావురా?"

ముంత చేతిలోంచి జారి నీళ్ళలో పడింది.

"ఒక్క రాత్రికేనే అక్కా... కాసేపు తూగుతాడనుకొన్నాను... చస్తాడనుకోలేదే..."

అక్క ఏడవలేదు. తిట్టలేదు. తమ్ముడి మొహం ఎప్పుడూ చూడనట్టు చూసింది. తర్వాత పడవ అంచుకి వంగి, నీళ్ళకి నోరు దగ్గరగా పెట్టి అంది:

"నువ్వు తాగలేదయ్యా. నేనే నమ్మలేదు."

పీక నీళ్ళలో వదిలింది.

హూ... ఆగిపోయింది.

సామ్యేలు ముందు తలుపులు తెరిచాడు. గాలి అప్పుడూ వీస్తూనే ఉంది, లాంతరు ఊగుతూనే ఉందని ఆయన చెప్పేవాడట. అదే గాలి, అవే చెక్కలు. కానీ ఆ తర్వాత ఆయన లాకు మీద ఉన్నన్నాళ్ళూ ఆ శబ్దం మళ్ళీ వినలేదు. అక్కడ నా సీసా పాఠం పనికిరాదు.

మిగతాది బుల్లెమ్మే తిరుగు ప్రయాణంలో సామ్యేలుకి చెప్పింది.

మర్నాడు పెళ్ళిపందిట్లో బుల్లబ్బాయి కొత్త పీక తీశాడు. మంచినీళ్ళలో తనే నానబెట్టుకొన్నాడు. సన్నాయికి బిగించాడు. గుండెలనిండా ఊపిరి పీల్చి ఊదాడు—

హూ...

పీక మార్చాడు. హూ... సన్నాయి మార్చాడు. హూ... ఉత్త గాలి. బుగ్గలు పొంగుతున్నాయి, కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి, స్వరం మాత్రం లేదు.

"రాత్రి గట్టిగా వేసినట్టున్నాడ్రోయ్!" ఎవరో అరిచారు. పందిరంతా గొల్లుమంది.

"నేను తాగలేదండీ... ఒట్టు... చుక్క ముట్టలేదు..."

ఎవరూ నమ్మలేదు. అతను ఆడవాళ్ళ వైపు తిరిగాడు. "అక్కా, నువ్వు చెప్పవే! ముంతెడూ నీళ్ళలోనే పోశానని నీకు తెలుసుగా!"

బుల్లెమ్మకి తెలుసు.

కొంగు నోటికి అడ్డం పెట్టుకొంది. ఆ చేదు ఇంకా నాలిక మీదే ఉంది.

నోరు విప్పలేదు.